ఇరవై ఆరు నిమిషాలు

మంగళవారం పొద్దున పదకొండు గంటలకు రేడియోలో ‘కొంగుముడి’ వస్తుంది. సరిగ్గా ఆ గంటకే బీడీల వాడలో ఆడవాళ్లంతా చుట్టిన బీడీలు చాటల్లో సర్దుకుని, పైన గుడ్డ కప్పుకుని కార్ఖానా ముందు వరుసలో నిలబడి ఉంటారు. ఆడవాళ్ల గోడు ఆడవాళ్ల నోటనే వినిపించే కార్యక్రమాన్ని, ఆడవాళ్లెవరూ ఇంట్లో ఉండని వేళకు పెట్టిన మహానుభావులెవరో గానీ వాళ్లకు దండం పెట్టాలి.

అయినా వాడ దాన్ని వదిలిపెట్టలేదు. వెనక వీధిలో ఉంటూ డిగ్రీ చదివే నవ్యశ్రీ ఆ రేడియోకు పనిచేస్తుంది. ఆ పిల్లే ఇంటింటికీ తిరిగి ఫోన్లలో అదే కార్యక్రమం పాడ్‌కాస్ట్ పెట్టిచ్చింది. “రేడియో మన కోసం ఆగదు గని గిది ఆగుతది. మీ పని ఒడిసినంకనే ఇనుండ్రి” అని చెప్పింది. అప్పటి నుంచి మధ్యాహ్నం రెండు దాటాక బిస్మిల్లా బీ ఇంటి ముందు రేకుల పందిరి కింద అందరూ చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. మధ్యలో ఒక స్టీలు గిన్నె, చప్పుడు పెద్దగా రావాలని ఆ గిన్నెలో ఫోను. ప్రతి వారం ఒక ఆడమనిషి మాట్లాడుతుంది. పేరు చెప్పరు, గొంతు మారుస్తారు. మధ్యలో నల్లా వస్తే ఆపుతారు. లోపల ఆమె ఏడుస్తుంటే ఆ ఏడుపును అక్కడికక్కడే ఆపి, బిందెలు నింపుకుని, చేతులు తుడుచుకుని వచ్చి మళ్లీ ఏడిపిస్తారు. పొద్దంతా ఎవరో ఒకరు చెప్పినట్టు నడిచే ఆ ఆడవాళ్ల మాట విని ఆగే వస్తువు అదొక్కటే.

సువర్ణ అత్త ఐలవ్వ మాత్రం ఆ పందిరి కిందికి రాదు. మోగే పెట్టె ఏదైనా ఆమెకు గిట్టదు. ఎదురింట్లో తన గడప మీద కూర్చుని, తడి గోనెలోంచి తునికాకు తీసి, దాని మీద రేకు ముక్క పెట్టి ఆ కొలతకు కత్తిరిస్తుంటుంది. నాలుగు కోతలు, తర్వాత కత్తెరతో చాట అంచు మీద ఒక్క తట్టు. మళ్లీ నాలుగు కోతలు, ఒక తట్టు. అరవై దాటినా ఆ లెక్క తప్పదు. ఎనిమిదేళ్ల కింద కోడలిగా వచ్చిన సువర్ణకు ఆ చప్పుడు ఉన్నట్టే తెలియదు. అది ఆగినప్పుడు మాత్రం తెలుస్తుంది.

ఆ మంగళవారం సువర్ణకు కార్ఖానాలో ఆలస్యమైంది. బీడీలు చూసి తీసుకునేవాడు ఆమె కట్టల్లో ఒకటి విప్పి, ఒక బీడీ మూతిని వేలితో నలిపి, మొత్తం కట్టనే చెత్తలో పడేశాడు. అదేమిటని అడిగితే మరొకటి కూడా పడేశాడు. మళ్లీ ఆకూ పొగాకూ తీసుకుని ఆమె ఇల్లు చేరేసరికి నాలుగైంది. నల్లా వచ్చిందని ఫోను ఆపి, పందిరి కింద ఆడవాళ్లు అప్పుడే లేస్తున్నారు. ఆమెను చూడగానే అందరూ మాట ఆపేశారు.

బిస్మిల్లా బీ లేచి వచ్చి సువర్ణ చెయ్యి పట్టుకుంది. గాజులు పైకి నెట్టింది. కింద పోయిన వారం దెబ్బ పసుపు రంగుకు తిరిగి ఉంది.

“బేటీ, నీ గుండె పెద్దది. అల్లా నిన్ను సల్లగ సూడాలె” అంది.

“నేనేం జేసిన చాచీ?”

“ఏం లేదు, ఇంటికి వో. జర పైలంగ ఉండు.”

సువర్ణకేమీ అర్థం కాలేదు. పొయ్యి మీద బియ్యం పెట్టే తొందరలో ఆ సంగతి మరచిపోయింది కూడా.

బుధవారం సందెవేళ సువర్ణ మొగుడు మొగిలి ఆటో ఎప్పుడూ లేనంత తొందరగా ఇంటి ముందు ఆగింది. సువర్ణ గిన్నెలు తోముతోంది. అతను చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వచ్చి తలుపు గొళ్లెం పెట్టాడు. అలమర మీది నల్ల స్పీకర్ తీసి కింద పెట్టాడు. ఫోన్లో డప్పుల పాట ఒకటి పెట్టి, స్పీకర్ సౌండు చెవిని చివరిదాకా తిప్పాడు. ఆరేళ్ల కూతురు హారిక ఎవరూ చెప్పకముందే మంచం కిందికి పాకి చెవుల్లో వేళ్లు పెట్టుకుంది.

మొగిలి ఇంట్లో పాట లేచిందంటే లోపల సువర్ణ మీద చెయ్యి లేచిందని వాడకంతా తెలుసు. తెలిసి ఏం చేస్తారంటే, తమ ఇళ్లలో టీవీలు ఇంకొంచెం పెద్దగా పెట్టుకుంటారు. ఆ సాయంత్రమూ అలాగే పెట్టుకున్నారు.

“రేడియోల ఏం జెప్పినవే?” అన్నాడు మొగిలి.

“ఏ రేడియో?”

మొదటి దెబ్బకు ఆమె అలమర మీద పడింది. అంచు తగిలి కనుబొమ్మ చిట్లింది. మొగిలి ఆమె జుట్టు పట్టి లేపి, పాట ఆపి, ఫోను చెవి దగ్గర పెట్టాడు. ఎవరో రేడియో కార్యక్రమంలోంచి రెండు నిమిషాల ముక్క కోసి ఆటోవాళ్ల గ్రూపులో వేశారు. గొంతు ఆడదీ కాదు మగదీ కాదు, బావిలోంచి మాట్లాడినట్టు ఉంది.

“ఇంట్లకు రాంగనే తలుపు గొళ్లెం పెడ్తడు. సౌండ్ పెంచుతడు, ఎవ్వలకు ఇనరాకుంట. బెల్టు దీస్తడు. బీడీలు జేసే చేతి మీదనే కొడ్తడు. రేపు ఎట్ల జేస్తవో జెయ్యి అంటడు...”

ఆ ముక్కలో పేరు లేదు, ఊరు లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు మొగిలి తన భుజాలు తనే తడుముకున్నాడు. పైగా ఆటో అడ్డా మీద పదిమంది మధ్యలో తడుముకోవాల్సి వచ్చింది.

“మొగిలీ, నీ పాటలు రేడియోల గూడ మోగుతున్నయట అని పండ్లు ఇకిలించిండ్రే అందరు! నా ఇజ్జత్ దీస్తవా?”

“నేను గాదు. మంగళారం నేను కార్ఖానల ఉన్న. బిడ్డ మీద ఒట్టు.”

“బిడ్డ మీద ఒట్టు బెడ్తవా?”

పాట మళ్లీ లేచింది. బెల్టు వీపు మీద, మెడ మీద, చెవి మీద పడింది. సువర్ణ నేల మీద ముడుచుకుని కుడి చేతిని పొట్ట కింద దాచుకుంది. బీడీలు చుట్టే ఆడవాళ్లెవరికైనా అది అలవాటు. ఒళ్లు పోయినా ఫరవాలేదు, కుడి చెయ్యి ఉండాలి. మొగిలి పుట్టిందీ పెరిగిందీ బీడీల వాడలోనే, ఆ సంగతి అతనికీ తెలుసు. చేతిని బయటికి లాగి, గడప రాయి మీద పరచి, చెప్పు కాలి మడమతో తొక్కాడు. రెండు వేళ్లు విరిగాయి. ఆ చప్పుడు పాటలో ఇంకెవరికీ వినబడలేదు. సువర్ణకు వినబడింది.

తర్వాత ఆమె ఫోన్ తీసి రోకలితో నాలుగు పోట్లు పొడిచాడు.

“శుక్రారం పొద్దుగూకె వరకు గది రేడియోలకెల్లి పోవాలె. నువ్వే తీపియ్యాలె. గది పోకపోతె నువ్వు పోతవ్. పానం దీస్త, సమజైందా?” అన్నాడు. అతను ఆ మాట గొంతు పెంచకుండా, అన్నం పెట్టమన్నట్టే అన్నాడు. అందుకే సువర్ణకు అది నిజమనిపించింది.

అతను ఆటో తీసుకుని వెళ్లాక ఐలవ్వ లోపలికి వచ్చింది. ఎప్పటిలాగే పసుపూ సున్నమూ కలిపి తెచ్చింది. రెండు వెదురు బద్దలు విరిచి వేళ్లకు అటూ ఇటూ పెట్టి బీడీ దారంతో చుట్టింది. “ఊకో బిడ్డా, ఊకో” అంది. ఎనిమిదేళ్లుగా ఆమె ఈ సమయంలో అనే మాట అదొక్కటే. అయితే ఎంత తొందరలోనైనా దారం ముడి తప్పని ఆ చేతులు ఆ రోజు మూడుసార్లు ముడి జారవిడిచాయి. సువర్ణ నొప్పిలో కూడా అది చూసింది.

గురువారం మధ్యాహ్నం సువర్ణ పందిరి కిందికి వచ్చేసరికి బిస్మిల్లా బీ చాట జరిపి చోటిచ్చింది.

“నీ ఆకంత గీడ పొయ్యి. తలా ఇంత జేస్తం” అంది. వాడలో ఎవరికి పురుడొచ్చినా, జ్వరమొచ్చినా జరిగేది అదే. చేతులు ముందుకొచ్చి గుప్పెడు గుప్పెడుగా సువర్ణ ఆకు తీసుకున్నాయి. ఎవరూ ఆమె ముఖం వైపు చూడలేదు.

“మీరందరు గూడ నేనే చెప్పిన్ననుకున్నరా?” అంది సువర్ణ.

బిస్మిల్లా బీ వేళ్ల మధ్య బీడీ ఆగిపోయింది. “నువ్వు గాదా? గా బెల్టు మాట కాడ్నే నల్లా వచ్చె, మల్ల పెట్ట మనసు రాకపాయె.”

“నేను ఇననే లేదు చాచీ. వాడు ఇనిపిచ్చిన ముక్కనే ఇన్న.”

తను తినని కూడుకు తాను చెయ్యి కడుక్కోవాల్సి వచ్చిందని ఆమెకు మంటగా ఉంది. అంతకంటే, ఆ చెప్పినామె ఎవరో గానీ తన కష్టాన్నే ఎక్కడో కూర్చుని ఎలా చెప్పగలిగిందా అని ఆశ్చర్యంగా ఉంది. సువర్ణ బిస్మిల్లా బీని అడిగి ఆమె ఫోను తీసుకుంది. ఎడమ చేత్తో ఇయర్‌ఫోన్ పెట్టుకుంది. మొత్తం ఇరవై ఆరు నిమిషాలు. మొదటి నుంచి పెట్టింది.

బావిలోని గొంతు మొదలైంది. పెళ్లయి వచ్చిన రోజు, అత్తగారింట్లో మొదటి ఆకు కట్ట. ఆ గొంతు కింద ఇంకో చప్పుడు ఉంది. నాలుగు కోతలు, ఒక తట్టు. వీధికి అవతల అత్త ఆకు కత్తిరిస్తోంది కదా, ఆ చప్పుడు చెవిలోకి వస్తోందనుకుని సువర్ణ తలెత్తి చూసింది. ఎదురింటి గడప ఖాళీగా ఉంది. ఐలవ్వ నల్లా దగ్గరికి వెళ్లింది. ఇయర్‌ఫోన్ తీసింది. చప్పుడు లేదు. పెట్టుకుంది. నాలుగు కోతలు, ఒక తట్టు.

సువర్ణ ఇయర్‌ఫోన్‌ను చెవిలోకి ఇంకా అదిమింది.

ఏడో నిమిషంలో మొగిలి వినిపించిన ముక్క వచ్చింది. తిన్న దెబ్బలు ఎవరైనా ఇప్పుడే తింటున్నట్టే చెబుతారు, ఐలవ్వా అలాగే చెప్పింది. ఆ ముక్క అయిన వెంటనే, కోసినవాడు పారేసిన మాట వచ్చింది. “ఆయన సచ్చి తొమ్మిదేండ్లాయె. ఇంట్ల పెద్ద రేడియో ఉండె. దాని చెవి తిప్పిండంటే నా పానం గొంతులకు వచ్చేది. గిప్పటికి గూడ ఏదన్న మోగితె నేను ఆడ కూసోను.” బెల్టు రాజలింగుది, సువర్ణ గోడ మీది దండేసిన ఫొటోలో తప్ప ఎరగని మామది. దెబ్బలు తిన్న చెయ్యి ఐలవ్వది. సువర్ణ చివరిదాకా వింది. చివరి నాలుగు నిమిషాలు వెనక్కి జరిపి రెండోసారి వింది.

నీళ్లతో వచ్చిన ఐలవ్వ గడప మీద కూర్చుని కత్తెర పట్టుకుంది. సువర్ణ వెళ్లి ఎదురుగా నిలబడింది. ‘చెప్పింది నేను కాదు, మీ అవ్వ’ అని ఒక్క మాట మొగిలితో అంటే తన ప్రాణం తనకు మిగులుతుంది. ఆ మాట నాలుక చివరనే ఉంది.

“రేడియోల చెప్పింది నువ్వే గద అత్తా” అంది.

మూడో కోత దగ్గర కత్తెర ఆగింది. “గొంతు మారుస్త అన్నదే ఆ నవ్యశ్రీ పోరి!”

“గొంతు మార్చింది. కత్తెరను మార్చలే.”

ఐలవ్వ చేతిలోని కత్తెర వైపు, అదేదో పాము అన్నట్టు చూసింది.

“మంగళారం పదకొండు గొట్టంగ వస్తది అన్నది. గప్పుడు వాడల ఎవ్వలుంటరు? అందరు కార్ఖానల ఉంటరు, ఎవ్వలు ఇనరనే చెప్పిన. గాలికి చెప్పుకున్నట్టే అనుకున్న. మీ మామ రేడియోల మాట ఆ గడియకే పోయేది, మల్ల దొరకకపోయేది. మీరు ఫోన్ల ఇనేది గదే అని నాకేం ఎరుక? నేను ఆడ కూసోనైతిని.”

“నిన్న నా ఏళ్లు ఇరుగుతుంటె నువ్వు తలుపవతల్నే ఉన్నవ్. చెప్పింది నేనురా అని ఒక్క మాట అనకపోతివి.”

ఐలవ్వ తడి ఆకు ఒకటి తీసి మోకాలి మీద పరచి నున్నగా దువ్వింది.

“భయమైంది బిడ్డా. వానికి గాదు, వాని చేతికి. అది వాళ్ల నాయిన చెయ్యి. గా చెయ్యి లేస్తె నాకు నోరు రాదు.”

సువర్ణకు కోపం ఎంత వచ్చిందంటే, ఆ చాటను తన్నాలనిపించింది. తన్నలేదు. ఆమె ముందు కూర్చున్నది అత్తా లేక ఇంకో ముప్పై ఏళ్లకు తానా అన్నది ఆ క్షణాన తేల్చుకోలేకపోయింది.

సాయంత్రం బిస్మిల్లా బీ కబురు పెడితే నవ్యశ్రీ పరుగెత్తుకు వచ్చింది. సువర్ణ చెయ్యి చూసి ఆ పిల్ల ఏడ్చేసింది. “చెప్పినామె అడిగితె తీసేస్తరు. అమ్మమ్మా, నువ్వు ఊ అను, గిప్పుడే తీపిస్త” అంది.

“తీసెయ్యి” అంది ఐలవ్వ వెంటనే.

“తీసే ముందు నువ్వొక్కసారి ఇను అత్తా. నువ్వు చెప్పింది నువ్వే ఇనలే గద” అంది సువర్ణ. అని, ఆమె వద్దంటున్నా ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టింది.

మోగే పెట్టె దగ్గర కూర్చోని ఐలవ్వ, గోడకు ఆనుకుని ఇరవై ఆరు నిమిషాలు కదలకుండా కూర్చుంది. మొదట్లో చెయ్యి చెవి దగ్గరికి పోయింది, లాగేద్దామని. తర్వాత ఒళ్లోకి దిగింది. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. అయిపోయాక ఇయర్‌ఫోన్ తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది.

“గింత చెప్పిన్నా నేను?” అంది. దాన్ని నవ్యశ్రీ చేతిలో పెట్టి, “తియ్యకు బిడ్డా. వానికి సగమే ఇనిపిచ్చిండ్రు. అంత ఇననియ్యి” అంది.

శుక్రవారం మధ్యాహ్నం నవ్యశ్రీ వచ్చి మొగిలి స్పీకర్‌ను బిస్మిల్లా బీ ఫోనుకు కలిపింది. ఏడో నిమిషం దగ్గర ఆపి ఆ ఫోన్ ఐలవ్వ చేతిలో పెట్టి, ఎక్కడ నొక్కాలో చూపింది. పొగాకుతో నల్లబడ్డ ఆ వేలు మొదట తెరను అదిమి అదిమి నొక్కింది. “గంత గట్టిగ వద్దు అమ్మమ్మా, ఈగను తోలినట్టు అను” అంటే అప్పుడు కుదిరింది. హారికను బిస్మిల్లా బీ ఇంట్లో పడుకోబెట్టారు. సువర్ణను కూడా రమ్మంటే ఆమె రాలేదు. తను లేకపోతే వాడు స్పీకర్ ముట్టుకోడని ఆమెకు తెలుసు.

పొద్దు గుంకుతుండగా ఆటో ఆగింది. మొగిలి లోపలికి వచ్చి గొళ్లెం పెట్టాడు. గది మధ్యలో తల్లి చాట ముందేసుకుని కూర్చుని ఉంది.

“నువ్వేందే గీడ? బయటికి వో” అన్నాడు.

“ఆకు ఎండుతది. గీడనే కత్తిరిస్త.”

“పోయిందా రేడియోల నుంచి?” అని పెళ్లాన్ని అడిగాడు.

“పోలే” అంది సువర్ణ.

అతను బెల్టు లాగాడు. రెండో చేత్తో స్పీకర్ చెవిని చివరిదాకా తిప్పి, పాట కోసం తన ఫోన్ నొక్కాడు. పాట రాలేదు. మళ్లీ నొక్కాడు. చాట అంచు కింద ఐలవ్వ వేలు ఈగను తోలినట్టు కదిలింది.

స్పీకర్‌లోంచి బావి గొంతు లేచింది. వాడ చివరి ఇంటిదాకా వినబడాలనే అతను అంత పెద్ద స్పీకర్ కొన్నాడు. “ఇంట్లకు రాంగనే తలుపు గొళ్లెం పెడ్తడు...”

మొగిలికి ఒక్క క్షణం ఏమైందో తెలియలేదు. తెలియగానే సువర్ణ మీద పడ్డాడు. బెల్టు కట్టు వైపు తిప్పి కొట్టాడు. భుజం మీద చీర చినిగి రక్తం వచ్చింది. ఎడమ చేత్తో గొంతు పట్టి గోడకు అదిమాడు. సువర్ణ కాళ్లు నేలను వెతుక్కున్నాయి. కళ్ల ముందు చీకట్లు కమ్ముతుంటే, వాడలో టీవీలు ఒకటొకటే ఆగిపోవడం మాత్రం ఆమెకు స్పష్టంగా వినబడింది.

“ఇడువురా. అంత ఇను” అంది ఐలవ్వ.

“ఆయన సచ్చి తొమ్మిదేండ్లాయె. ఇంట్ల పెద్ద రేడియో ఉండె...” అంది స్పీకర్.

గొంతు మీది పట్టు సడలింది. సువర్ణ గోడ వెంట జారి కూలబడి దగ్గింది. ఐలవ్వ ఆకు తీసుకుని కత్తిరించడం మొదలుపెట్టింది. స్పీకర్‌లో నాలుగు కోతలు, ఒక తట్టు. గదిలో నాలుగు కోతలు, ఒక తట్టు. ఆ చప్పుడు కింద పుట్టి, ఆ చప్పుడు కింద పెరిగినవాడు ముప్పై రెండేళ్లకు మొదటిసారి దాన్ని విన్నాడు. కాలితో స్పీకర్‌ను తన్నాడు. అది దొర్లి మంచం కోడుకు తగిలి ఆగింది. మాట మాత్రం ఆగలేదు.

“బంద్ జెయ్యే అవ్వా!”

“ఒడువలే ఇంక.”

బెల్టు లేచింది. ఈసారి తల్లి మీద పడింది. కట్టు నుదుటి మీద తగిలి చర్మం లేచి, రక్తం కనుబొమ్మ మీదుగా ఒళ్లోని ఆకు మీద చుక్కలు చుక్కలుగా కారింది. ఐలవ్వ కత్తెర కింద పెట్టలేదు.

“మీ నాయిన గూడ గిక్కడ్నే కొట్టేటోడు” అంది.

స్పీకర్ మంచం దగ్గరి నుంచి చెబుతోంది. “నా కొడుకు చిన్నోడు. రేడియో చెవి తిప్పంగనే మంచం కింద దూరేటోడు. ఆడికెల్లి చెయ్యి సాపి నా కాలి కడెం పట్టుకునేటోడు. దెబ్బ పడ్డప్పుడల్ల గట్టిగ పట్టుకునేటోడు. వాడు బెదురుతడని నేను ఒర్లకపోతుంటి. గా పోరడు పెద్దగైండు. గిప్పుడు వాడు సౌండ్ పెంచుతడు. నేను బయట కూసుండి ఆకు కత్తిరిస్త. లోపట ఎన్ని దెబ్బలు పడ్డయో నాకెరుక. మా ఆయన కొడితె ఎన్నడు గింత నొయ్యలే. గప్పుడు ఊకున్న, గిప్పుడు ఊకున్న. కోడలికి గూడ ఊకో అనే నేర్పిన. నా పాపం గది.”

మొగిలి స్పీకర్ పీక నొక్కడానికని వంగాడు. వంగిన మనిషి అలాగే ఉండిపోయాడు. మంచం కింద ఒక చిన్న దుప్పటి నాలుగు మడతలేసి పరిచి ఉంది. పక్కన బడి నీళ్ల సీసా, సగం తిన్న బిస్కట్ పుడ, ఒక చెవి లేని బొమ్మ. హారిక అక్కడ ఇల్లు కట్టుకుంది. అతను మోకాళ్ల మీద కూలబడ్డాడు. బెల్టు చేతిలోంచి ఎప్పుడు జారిందో అతనికే తెలియదు.

అది చూసి సువర్ణకు జాలి కలగలేదు. కలుగుతుందేమోనని భయపడింది, కలగనందుకు ఊపిరి పీల్చుకుంది. ఎడమ చేత్తో బెల్టు తీసుకుంది. గొళ్లెం తీసింది. బయట బిస్మిల్లా బీ, ఆమె వెనక వాడ ఆడవాళ్లంతా నిలబడి ఉన్నారు. ఇన్నేళ్లూ టీవీ పెంచినవాళ్లే. ఎవరికీ తల ఎత్తే ధైర్యం లేదు.

“ఠాణాకు పోదాం పా అత్తా” అంది సువర్ణ.

ఐలవ్వ లేచింది. రక్తం కొంగుతో అదుముకుని, మిగిలిన ఆకును తడి గోనెలో చుట్టి చంకన పెట్టుకుంది. ఎండితే ఆకు పనికిరాదు. కత్తెర, రేకు ముక్క, ఫోను, ఇయర్‌ఫోను బొడ్లో దోపుకుంది. ఇద్దరూ బయటికి వచ్చాక సువర్ణ తలుపు మూసి, గొళ్లెం బయటి నుంచి పెట్టింది. వాళ్లు వాడ మూల తిరిగేసరికి ఫోను దూరమై ఇంట్లో స్పీకర్ ఆగిపోయింది.

స్టేషన్లో ఒక ఆడ హెడ్ కానిస్టేబుల్ బల్ల వెనక ఉంది. సువర్ణ చెయ్యి, మెడ, ఐలవ్వ నుదురు వరసగా చూసింది. ముందు దవాఖానాకు పంపడానికి కాగితం రాస్తానని, కాగితం లాక్కుంది.

“సాబ్ బందోబస్తుకు పోయిండు. ఏం జరిగిందో జర పొట్టిగ చెప్పుండ్రి” అంది.

“పొట్టిగ లేదు బిడ్డా. ఇరవై ఆరు నిమిషాలున్నది” అంది ఐలవ్వ. తను తెచ్చిన బిస్మిల్లా బీ ఫోనూ ఇయర్‌ఫోనూ బల్ల మీద పెట్టింది. “నీకు తీరుబాటైనప్పుడే ఇను. అది ఏడికి పోదట. నేను గూడ పోను, గీడనే కూసుంట.”

హెడ్ కానిస్టేబుల్ ఆమెను ఒకసారి ఎగాదిగా చూసి, ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుంది. ఐలవ్వ గోడ వారనున్న బల్ల మీద కాళ్లు మడుచుకుని కూర్చుంది. గోనె విప్పి, రక్తం చుక్కలు పడ్డ ఆకు పక్కన పెట్టి, మంచిది ఒకటి తీసుకుంది. చాట లేదు, అందుకని కత్తెరను బల్ల అంచు మీద తట్టింది. సువర్ణ కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఆమె పక్కన కూర్చుంది.

మూడు నిమిషాలు గడిచాయి. రాస్తున్న హెడ్ కానిస్టేబుల్ కలం ఆపింది. ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి తల పక్కకు వంచి విన్నది. మళ్లీ పెట్టుకుంది. మళ్లీ తీసింది. తర్వాత నెమ్మదిగా తలెత్తి ఐలవ్వ చేతుల వైపు చూసింది.